మంచినీళ్ళు ముట్టని తగవరి

గడిచిన వారం అచ్చియమ్మను షామియానా గుంజ పక్కన ఒంటరిగా నిలబెట్టి మనం ఇళ్ళకు వచ్చేశాం. ఎవరినీ అలా వదిలి రావడం మంచిది కాదు. ఆమె ఇంకా అక్కడే ఉంది. కుడిచేతిలో తమలపాకు, ఆకు మధ్యన ఒక వక్క. ఆ చేతిని కొంగు కింద దాచుకుని, ముందుకు నడవనా, ఇంటికి పోనా అని గుంజాటన పడుతోంది.

బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్ళ ఇళ్ళ వరసల, అంటే తెలుగు లైన్ల, ముందున్న మైదానంలో ఆ రోజు తగవరుల సభ. ఖర్గ్‌పూర్ నుంచి గోందియా దాకా రైలు పట్టాల వెంట మన విజయనగరం, శ్రీకాకుళం వైపు కుటుంబాలు ఎక్కడెక్కడ స్థిరపడ్డాయో, అక్కడల్లా తగువులు తీర్చే పెద్దలున్నారు. అన్నదమ్ముల గొడవ గానీ, ఆలుమగల గొడవ గానీ కోర్టు గుమ్మం ఎక్కకుండా వాళ్ళే తేలుస్తారు. ఒక ఊళ్ళో చెప్పిన తీర్పు ఇంకో ఊళ్ళో చెల్లడం లేదని, లైను పొడుగునా అందరికీ ఒకటే కట్టుబాటు ఉండాలని మొదటిసారి ఇలా కూడారు. లోకంలోని తగువులన్నీ తీర్చే ఈ పెద్దలకు, ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్న తగువు మాత్రం తీరలేదు. పొద్దుటి పూటంతా దానికే సరిపోయింది. చివరికి పోలయ్య జంపఖానాలు గుండ్రంగా పరిపించి, ముందూ వెనకా లేకుండా చేసి గండం గడిపాడు.

పోలయ్య లోకో షెడ్డులో పెద్ద మేస్త్రీ. షామియానా ఆయనది, వంట ఆయనది, తాగే నీళ్ళు కూడా ఆయన పెరటి నూతివే. పొద్దున్నే మోదుగాకు విస్తళ్ళ మీద పెద్దలందరికీ ఉప్మా పెట్టించాడు. నూతి నీళ్ళు ఇత్తడి బిందెతో మోసుకొచ్చి లోటాలతో అందిస్తున్నవాడు సత్యనారాయణ. అతడు అచ్చియమ్మకు అన్న. ఇక పోలయ్య ఆమెకు ఒకప్పటి మామ.

పన్నెండేళ్ళ కిందట పోలయ్య కొడుకు సింహాచలం ఇంకొకామెను తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాడు. అచ్చియమ్మ ఊరుకోలేదు. తగువు బిలాస్‌పూర్ తగవరి పైడిరాజు ముందుకు వెళ్ళింది. పైడిరాజు తమలపాకును నిలువునా చింపి ఒక ముక్క మొగుడికీ, ఒక ముక్క పెళ్ళానికీ అందించాడు. ఆకు చిరిగితే బంధం చిరిగినట్టే. కోడలు కట్టుబట్టలతో పోవాలి. మూడేళ్ళ కూతురు చిన్నతల్లి తండ్రి ఇంట్లోనే ఉండాలి. పిల్లకు పెళ్ళయ్యేదాకా తల్లి ఆమె కంటపడకూడదు. అదీ తీర్పు. సముద్రాల అవతల విడిపోయినవాళ్ళను తలుచుకుని ఏడవవచ్చు. ఒకే ఊళ్ళో, రెండు లైన్ల అవతల విడిపోయినవాళ్ళకు ఏడుపు కూడా సరిగా రాదు. షెడ్డు వెనక బూడిదగుంటలో కాలీకాలని బొగ్గు ఏరుకుంటూ, అచ్చియమ్మ దూరం నుంచి కూతురి జడ పొడవు పెరగడం చూసింది. అంతకుమించి చూడలేదు.

ఇప్పుడా చిన్నతల్లికి సంబంధం కుదిరింది. వరుడు నైన్‌పూర్‌లో జమాదారు. మొదటి పెళ్ళాం పోయింది, ఎదిగిన పిల్లలున్నారు. వాళ్ళ ఆచారం ప్రకారం పెళ్ళి మగపెళ్ళివారి ఇంట. సభకు వచ్చిన ఆ చుట్టాలే సాయంత్రం బండికి పిల్లను వెంట తీసుకుపోతారు. పాత తీర్పు నిలిచి ఉన్నంతకాలం ఆ పెళ్ళి వద్దనే నోరు తల్లికి లేదు. బండి కదిలిందా, ఆ తరవాత తీర్పు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చేతిలో తాంబూలం ఉన్నా, పెద్దల కాళ్ళ మీద పడి బతిమాలుకుందామని ఆమె వచ్చింది. ఆ మాట మనం గుర్తుపెట్టుకోవాలి. బతిమాలుకుందామనే వచ్చింది.

పైడిరాజు సభ నడుపుతున్నాడు. తెల్లటి తలపాగా, చేతిలో వెండిపొన్ను కర్ర. గొంతు పెద్దది, మాట నెమ్మది. ఆయన లేచి నిలబడగానే షామియానా కింద గుసగుసలు ఆగిపోయాయి. ఒక పక్కన పాత చీరలు కలిపి కుట్టిన తెర కట్టారు. ఆ తెర వెనక ఆడవాళ్ళ గాజుల చప్పుడు కూడా ఆగింది.

“మొట్టమొదటి కట్టుబాటు ఇనండి” అన్నాడు పైడిరాజు. “తగవరి అన్నోడు తీర్పు సెప్పే దాకా, ఆ రెండిళ్ళలో ఏ ఇంటి మంచినీళ్ళూ ముట్టకూడదు. ముట్టినాడా, ఆ తీర్పు సెల్లదు. ఇయ్యాల సెప్పిందైనా సరే, ఎనకటేడు సెప్పిందైనా సరే. నీళ్ళు ముట్టినోడి నోరు ఆ ఇంటికి అమ్ముడుపోయినట్టే. మన తాతల నాటి మాటే ఇది. ఒప్పుకున్నోళ్ళు సెయ్యెత్తండి.”

చేతులన్నీ లేచాయి. గోందియా నుంచి వచ్చిన ముసలి అప్పలకొండ, నడుం పట్టేసి షామియానా పక్క గోడకానుకుని కూర్చున్నవాడు, ఆయన కూడా ఎత్తాడు. పోలయ్య తగవరి కాకపోయినా ముచ్చటపడి తానూ ఎత్తాడు.

అచ్చియమ్మ ఆ చేతుల అడవిని చూసింది.  పన్నెండేళ్ళుగా బూడిద కప్పుకుని ఉన్న నిప్పు రాజుకుంది. ఆమెకు పోలయ్య వంటిల్లు కళ్ళ ముందుకు వచ్చింది. పీట వాల్చిన చోటు, పీట మీద కూర్చున్న మనిషి, అతడి విస్తట్లోకి తాను వంచిన చేపల పులుసు గిన్నె. బతిమాలుకోవడం అన్నది ఆమె ఒంట్లోంచి అప్పుడే దిగిపోయింది.

కొంగు కింది చెయ్యి బయటికి తీసి, జంపఖానాల మధ్యకు నడిచింది. మగవాళ్ళ మోకాళ్ళు దాటుకుంటూ వెళ్ళి, తమలపాకునూ వక్కనూ పైడిరాజు పాదాల ముందు నేల మీద పెట్టింది. తాంబూలం పెట్టడమంటే తగువు పెట్టడమే. పెట్టినవారి మాట వినకుండా పెద్దలు లేవకూడదు.

“ఏటిది?” అన్నాడు పైడిరాజు.

“తగువు బాబూ.”

సభ గొల్లుమంది. “ఆడది తాంబూలం ఎట్టడమేటి?” అని ఒకరు, “సభకీ పంచాయితీకీ తేడా తెల్దేటి ఈవిడికి?” అని ఒకరు. పోలయ్య కూర్చున్నచోటి నుంచే చెయ్యి విసిరాడు. “ఒరే సత్తిగా, బిందె అక్కడెట్టి మీ సెల్లిని ఇంటికి తీసుకుపోరా. నలుగురిలో నవ్వులపాలు సెయ్యకు.”

సత్యనారాయణ కదిలాడు. కానీ గోడ దగ్గరి నుంచి అప్పలకొండ దగ్గి గొంతు సవరించుకున్నాడు.

“తాంబూలం నేల మీద పడ్డాక, ఎట్టింది ఆడదా మగోడా అని సూసే కట్టుబాటు మా గోందియాలో నేదు. మీ బిలాస్‌పూర్‌లో ఉందేటి పైడిరాజూ? ఉంటే సెప్పు. అది కూడా సెయ్యెత్తి ఒప్పుకుందాం.”

కొందరు నవ్వారు. పైడిరాజు నవ్వలేదు. “సెప్పమ్మా. బేగి సెప్పు” అన్నాడు.

“నా తగువు నీతోనే బాబూ” అంది అచ్చియమ్మ.  “పన్నెండేళ్ళ కితం నాకూ నా మొగుడికీ ఆకు సింపినావు. సింపే ముందు రోజు మా మావ ఇంట్లో అన్నం తిన్నావు. నీకు ఎడం దవడన పళ్ళు నేవని, సేప ముళ్ళు ఏరి ఎట్టమన్నావు. ఏరి ఎట్టింది నానే. రెండోతూరి పులుసు పోసింది నానే. ఎవులో సుట్టం వచ్చినాడనుకున్నాను గానీ, నా గుంటని నా ఒళ్ళోంచి లాక్కోడానికి వచ్చినావని నాకేటి తెల్సు? ఇప్పుడు నువ్వే సెప్పినావు, అందరూ సేతులెత్తినారు. ముట్టినోడి తీర్పు సెల్లదని. నా తీర్పు సెల్లదు. నా గుంట నాకు కావాల.”

 పెద్దలు పైడిరాజు ముఖం వైపు చూశారు. కాదంటాడని అందరూ ఎదురుచూశారు. ఆయన కాదనలేదు. అంత తెలివితక్కువవాడైతే ఇన్నేళ్ళు తగవరిగా నిలిచేవాడే కాదు.

“తిన్నాను” అన్నాడు. “తిన్నానమ్మా. అబద్ధమాడను. మరి ఒండింది ఎవులు? నువ్వు. ఒడ్డించింది ఎవులు? నువ్వు. నీ సేతి కూడు తిని, నీకే ఇరోధంగా తీర్పు సెప్పినాను. ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటాది? అమ్ముడుపోతే నీకే అమ్ముడుపోవాల గదా నా నోరు.”

“వాహ్” అన్నారెవరో. నవ్వులు లేచాయి. రాయపూర్ పెద్దమనిషి తొడ చరిచి, పైడిరాజు అంటే పైడిరాజే అన్నాడు. తెర వెనక కూడా ఒకామె కిసుక్కుమంది.

ఆ నవ్వు అచ్చియమ్మకు చెంపదెబ్బలా తగిలింది. ఇంటి నుంచి పంపేసిన రోజున కూడా ఇలాగే ఎవరో నవ్వారు. వాకిట్లో గుమిగూడినవాళ్ళలో ఎవరు నవ్వారో అప్పుడు చూడలేదు, కళ్ళ నిండా నీళ్ళు. ఇప్పుడు కళ్ళు పొడిగా ఉన్నాయి. ఎవరెవరు నవ్వుతున్నారో ఒక్కొక్కరినీ చూసింది.

“నవ్వండి బాబూ, నవ్వండి. నవ్వినాక నా మాట ఇనండి. ఆ బియ్యం ఎవులివి? మా మావవి. సేపలు ఎవులివి? అర్పా ఏటికాడ మా మావ కొన్నవి. ఉప్పు ఎవులిది? నాను ఆ ఇంట్లోంచి ఎల్లిపోయినప్పుడు నువ్వేటని తీర్పు సెప్పినావు? కోడలు కట్టుబట్టల్తో ఎల్లాల, ఈ ఇంట్లో గుప్పెడు గింజ కూడా ఆమెది కాదు అన్నావు. గుప్పెడు గింజ నాది కాకపోతే, నువ్వు తిన్న కూడు నాదెలాగైనాది? ఆ ఇంట్లో నాది ఒట్టి సెయ్యే. కూడు వాళ్ళది. కూడు నాదే అంటావా, మరి నా గింజలు నాకియ్యి, నా ఇల్లు నాకియ్యి, నా గుంటని నాకియ్యి. ఏదో ఒకటే సెప్పు. రెండూ సెప్పకు.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. రాయపూర్ పెద్దమనిషి చెయ్యి తొడ మీదే ఉండిపోయింది.

అప్పలకొండ గోడ వదిలి కాస్త ముందుకు జరిగాడు. “అచ్ఛా” అన్నాడు మెల్లగా. “ఇప్పుడు సెప్పు పైడిరాజూ.”

తగవరి అన్నవాడు ఒకరి కోపం చూసి బతుకుతాడు గానీ, తన కోపం ఒకరికి చూపించకూడదు. పైడిరాజు ఆ నియమం కూడా ఆ పూటే మరిచిపోయాడు. ఆయన మెడ ఎర్రబడింది. కర్రతో నేల మీద ఒక్కటి పొడిచాడు.

“ఒక్కింట్లోనే తిన్నానని ఎవులన్నారు?” అని అరిచాడు. “రెండిళ్ళలోనూ తిన్నాను. ఆ మర్నాటి పొద్దున్న మీ ఇంట్లో కూడా తిన్నాను. ఎట్టింది మీ అన్న. రెండు పక్కలా తిన్నోడు ఏ పక్కోడూ కాడు. ఏం, మీ అన్న నీకు సెప్పనేదా?”

అచ్చియమ్మకు ముందు ఆ మాట అర్థం కాలేదు. అర్థమయ్యాక తల తిప్పి చూసింది. సత్యనారాయణ బిందె చంకన పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. బిందె వంగి నీళ్ళు ధారగా అతడి పాదం మీద పడుతున్నాయి. అతడికి తెలియడం లేదు.

“అన్నియ్యా” అంది.

అతడు బిందెను సరిచేసుకున్నాడు.

“అన్నియ్యా, నాను తగువుకొచ్చిన రోజు నువ్వు నా పక్కన నిలబడ్డావు. నాకోసం మాటాడతానన్నావు. తీర్పు అయినాక నా కొంగట్టుకుని ఏడిసినావు. అంతకు ముందే ఈయనకి అన్నం ఎట్టినావా?”

  సత్యనారాయణ బదులు పోలయ్య మాట్లాడాడు, తాపీగా, వక్క నములుతూ.

“ఆడ్నేటి అడుగుతావు? షెడ్డులో ఆడికి ఖలాసీ పని ఎలాగొచ్చినాదనుకున్నావు? ఊరికే ఇస్తారేటి? మీ వోళ్ళూ మావోళ్ళూ కూసుని, గొడవ నేకుండా తెగ్గొట్టుకున్నారు. ఇన్నేళ్ళూ నువ్వు తిన్న కూడు ఆ పనిదే.”

ఇన్నాళ్ళూ పోలయ్య మీద, సింహాచలం మీద, పైడిరాజు మీద కోపం దాచుకున్న మనిషికి, ఆ కోపాన్ని పెట్టుకోవడానికి ఒక ఇల్లు ఉండేది. ఆ ఇల్లు అన్నయ్యది. రాత్రి ఆ గడప మీదే తల పెట్టుకుని పడుకునేది. ఇప్పుడు ఆ గడపే లేదు. అయినా ఆమె కూలిపోలేదు. మనిషి కూలడానికి కూడా ఆనుకునేది ఏదో ఒకటి కావాలి.

“సరే” అంది. “పంచుకున్నారన్నమాట. మొగుడు ఆ రెండోదానిది, పని నీది, పెద్దరికం ఈయనది. నాకేటి పంచినారు? సగం తమలపాకు.” అన్న వైపు ఒక అడుగు వేసి ఆగింది. “ఇయ్యాల్టి నుంచి నీ గుమ్మం నాను తొక్కను. నా పెట్టె వదినమ్మని బయట ఎట్టమను.”

సత్యనారాయణ బిందె కింద పెట్టి, తడికాళ్ళతో షామియానా దాటి వెళ్ళిపోయాడు. పట్టాల వైపు వెళ్ళాడు. ఎటు వెళ్తున్నావని అడిగినవారు లేరు.

అప్పుడు అప్పలకొండ చెయ్యి ఎత్తాడు. సభ ఆయన వైపు తిరిగింది.

“ఒకింట్లో తింటేనే తీర్పు సెల్లదని ఇప్పుడే ఒప్పుకున్నాం. రెండిళ్ళలో తిన్నానని తగవరే సెప్పినాడు. నా లెక్కన ఆ తీర్పు రెండుసార్లు సచ్చింది. అచ్చియమ్మ తగువు మొదట్నుంచి ఇనాల. ఇయ్యాలే ఇనాల, బండి రాకముందే.” ఆయన చుట్టూ చూశాడు. “ఎవులు కూసుంటారు?”

ఎవరూ లేవలేదు.

“కూసునోడు రెండిళ్ళలో ఏ ఇంటి నీళ్ళూ ముట్టనోడై ఉండాల” అన్నాడు అప్పలకొండ. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఆయనకు తట్టలేదు. చూపు షామియానా బయట కుప్పగా పడి ఉన్న మోదుగాకు విస్తళ్ళ మీదికి వెళ్ళింది. అక్కడి నుంచి తన మోకాలి పక్కన, ఇంకా సగం నీళ్ళున్న లోటా మీదికి వచ్చింది. ఖర్గ్‌పూర్ పెద్ద తన లోటాను మెల్లగా వీపు వెనక్కి జరుపుకున్నాడు. రాయపూర్ పెద్దమనిషి మూతి తుడుచుకున్నాడు. లైను పొడుగునా ఉన్న తగవరులందరూ ఆ పొద్దుటి నుంచి పోలయ్య ఉప్మా తిని, పోలయ్య నూతి నీళ్ళు తాగి, నీళ్ళు ముట్టకూడదని కట్టుబాటు చేసుకున్నారు.

పోలయ్యకు అందరికంటే ముందే అర్థమైంది. నవ్వాడు. మొదట మెల్లగా, తరవాత భుజాలు కదిలేలా నవ్వాడు.

“ఎతుక్కోండి” అన్నాడు. “ముట్టనోడి కోసం కలకత్తా దాకా ఎతుక్కోండి. ఆలోగా సాయంత్రం బండికి నా మనవరాలు ఎల్లిపోద్ది. తగువు మాత్రం బేషుగ్గా నడపండి. రాత్రికి కోడి కూడా కోయిస్తాను.”

“మావా” అంది అచ్చియమ్మ. ఒళ్ళు మండిపోతోంది. “నీ నూతిలో నీళ్ళు ఎండిపోనూ. నువ్వు అన్నం ఎట్టినోళ్ళందరూ నీకు జీతగాళ్ళే అయిపోతారేటి?”

“అరవకు. అప్పుడూ అరిసినావు, ఏటైనాది? ఆకు సింపితే నీ సేత్తో నువ్వే పుచ్చుకున్నావు. ఇద్దరూ పుచ్చుకోకపోతే అది ఒట్టి చిరిగిన ఆకు, తీర్పు కాదు. నిన్నెవులూ బలవంతం ఎట్టనేదు. సెయ్యి సాపినావు. పుచ్చుకున్నావు. అది సెప్పు సభకి.”

 ఇంతసేపు మాటకు మాట చెప్పిన అచ్చియమ్మ, ఆ ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. సభ అది చూసింది.

“నాను ముట్టనేదు.”

ఆ గొంతు తెర వెనక నుంచి వచ్చింది. సన్నటి గొంతు, బొంగురుపోయి ఉంది. చీరల కుట్టు దగ్గర తెర కదిలి, ఒక ఆడపిల్ల బయటికి వచ్చింది. పెళ్ళికూతురిని చేసి కూర్చోబెట్టిన పిల్ల. చేతులకు పసుపు, కాళ్ళకు పారాణి. పెదవులు మాత్రం ఎండి చిట్లిపోయాయి.

“చిన్నతల్లీ, లోపలికెల్లు” అన్నాడు పోలయ్య. ఆయన నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది గానీ, లోపల ఎక్కడో ఆగిపోయింది.

“మొన్న ఈ సమ్మందం మాట ఇన్నకాడ్నుంచి నీ ఇంట్లో నీళ్ళు ముట్టనేదు తాతా. అన్నమూ ముట్టనేదు. టేసన్ కొళాయికాడ తాగొచ్చినాను, అంతే. పిన్నిని అడుగు. గొడ్లకి నా కూడు పెడతంది.” పిల్ల అప్పలకొండ వైపు తిరిగింది. “మా అమ్మ ఇంటి నీళ్ళు కూడా ముట్టనేదు బాబూ. ముట్టనీనేదు నన్ను. రెండిళ్ళ నీళ్ళూ ముట్టనోళ్ళు కావాలన్నావు. నానున్నాను.”

“ఈ గుంట తగువు తీర్చడమేటి? తగువే ఈ గుంట గురించి” అని పైడిరాజు లేవబోయాడు.

“తగువు పుట్టినకాడ్నుంచి నీళ్ళు ముట్టకూడదనే ఒప్పుకున్నాం” అన్నాడు అప్పలకొండ. “మరేటీ ఒప్పుకోనేదు. కూసో.”

చిన్నతల్లి తల్లి పక్కనుంచే నడిచి వెళ్ళింది. చెంగు చెంగుకు తగిలేంత దగ్గరగా వెళ్ళింది. పన్నెండేళ్ళ తరవాత అంత దగ్గర. అచ్చియమ్మ చెయ్యి తనకు తెలియకుండానే లేచింది.  పిల్ల ఆ చేతిని చూసి కూడా చూడనట్టు వెళ్ళింది. పైడిరాజు నిలబడ్డ చోట జంపఖానా మీద, తాంబూలం ముందర కూర్చుంది. నేల మీది తమలపాకు తీసి చేతిలో పట్టుకుంది. అప్పుడు మాత్రం తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. ఆ చూపులో ప్రేమ ఉందేమోనని అచ్చియమ్మ ఆత్రంగా వెతుక్కుంది. కోపం కనిపించింది. తన కోపమే, తన కళ్ళతోనే.

“తాత అడిగింది నానూ అడగాల” అంది చిన్నతల్లి. “చిన్నప్పట్నుంచీ అడగాలనుంది. ఆకు పుచ్చుకోకపోతే తీర్పే నేదంట. నన్ను నీకాడ్నుంచి లాగేవోళ్ళే నేరంట. మరి సెయ్యెందుకు సాపినావమ్మా?”

ఆ వేళ తన చెయ్యి ఎందుకు ముందుకు వెళ్ళిందో అచ్చియమ్మకు తెలుసు. ఆ క్షణంలో మామ ఒళ్ళో కూర్చున్న పసిపిల్ల వైపు తాను ఎందుకు చూసిందో, ఏం చూసి చెయ్యి చాపిందో, ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదు. ఎవరికైనా చెప్పగలదు గానీ, ఈ పిల్లకు చెప్పలేననుకుంది.

చెప్పకపోతే సాయంత్రం బండి వస్తుంది.

“సెప్తాను” అంది. నోరు తెరవబోతూ ఒక్కసారి పోలయ్య వైపు చూసింది.

అందరూ అచ్చియమ్మనే చూస్తున్నారు కాబట్టి ఎవరూ గమనించలేదు. ఆమె ఎన్నటికీ చెప్పదన్న ధీమాతో ఆ మాట ఎత్తిన పెద్ద మేస్త్రీ పోలయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన కూర్చున్న చోటి నుంచి చప్పుడు కాకుండా లేచి నిలబడ్డాడు. మిగతాది వచ్చే వారం.